తూకం మింగిన కిలో

మా వదినకు లెక్కలు చెప్తానని ఒప్పుకున్న రోజు ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వడంలో తప్పు లేదు. నంద్యాలలో నేను పనిచేసే బడిలో నాకు కోపిష్ఠి టీచరని పేరు. లెక్కల టీచరు సుద్దముక్క విసిరితే గురి తప్పదని పిల్లలు చెప్పుకుంటారు. అందులో కొంత అబద్ధం, చాలాసార్లు గురి తప్పుతుంది. వదినేమో ఒక మాట పడే మనిషి కాదు. నేను ఆమెకు ఆడబిడ్డను, వయసులో చిన్నదాన్ని. "ఇన్నాళ్లూ ఊరికే పెత్తనం చేసేది, ఇప్పుడు పుస్తకం పట్టుకుని చేస్తాది" అని వదిన నా ముందే అంది.

మా అన్నావదినలు ఆళ్లగడ్డలో ఉంటారు. అన్న శిల్పి. మా నాయన కూడా ఆ పనే చేశాడు. వదిన పుట్టింటిదీ ఆ పనే, అదీ ఆళ్లగడ్డలోనే. అంటే ఆమె పుట్టినప్పటి నుంచీ ఉలి చప్పుడు మధ్యనే ఉంది, పెళ్లయ్యాక వీధి మారింది గానీ చప్పుడు మారలేదు. వాళ్ల ఇంటికి నాలుగిళ్ల అవతల అంగన్‌వాడీ ఉంది. వదిన అక్కడ ఆయా. వంట చేస్తుంది, పిల్లలను పిలుచుకొస్తుంది, ముక్కులు తుడుస్తుంది, పడుకోబెడుతుంది. టీచరమ్మ ఊళ్లో లేనప్పుడు పాటలు కూడా తనే చెప్పేది.

ఆ టీచరమ్మ ఆ ఏడాది రిటైరవుతోంది. ఆయాగా చేసిన మనిషికే ఆ ఉద్యోగం ఇస్తారు, కానీ పది పాసై ఉండాలి. వదిన ఓపెన్ స్కూల్లో పదికి కట్టి అన్నీ గట్టెక్కింది, లెక్కలు ఒక్కటే మిగిలింది. ఒకసారి రాసి తప్పింది. ఈసారి కూడా తప్పితే మళ్లీ పరీక్ష రాయొచ్చు గానీ ఉద్యోగానికి వయసు దాటిపోతుంది. ఎవరో కొత్త మనిషి టీచరుగా వస్తుంది, వదిన ఆమె కింద ఆయాగానే ఉండిపోతుంది. ఈ సంగతి వదిన నాకు చెప్పలేదు. అన్న ఫోన్ చేసి చెప్పాడు. "అది అడగదు మే. నువ్వే రా" అన్నాడు.

అందుకని ఆదివారం పూట నంద్యాలలో పొద్దున బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ పోవడం మొదలుపెట్టాను. బస్సులో కూర్చుని ఆ రోజు ఏం చెప్పాలో అనుకునేదాన్ని. బడిలో అయితే ఈ పాఠాలు నిద్రలో అడిగినా చెప్తాను. మా ఇంటి మనిషికి చెప్పాలంటే మాత్రం కొంచెం బెరుకుగానే ఉండేది.

పాఠం ఇంటి ముందు వసారాలో. అవతల రేకుల షెడ్డు కింద అన్న పనిచేస్తుంటాడు. కటింగ్ మిషన్ నడిస్తే మాట వినపడదు, ఆగితే ఉలి చప్పుడు. పుస్తకం మీద నిముషానికొకసారి రాతిపొడి పడుతుంది. ఊదుకుంటూ చదవాలి.

మొదటి రోజు సమీకరణం అంటే ఏమిటో చెప్పాను. సమానం గుర్తుకు ఈ పక్క ఎంత ఉందో ఆ పక్కా అంతే ఉంటుంది. ఒక సంఖ్య మనకు కనపడకుండా ఉంది, దాని పేరు ఎక్స్. చుట్టూ ఉన్నవాటిని ఒక్కొక్కటే తప్పిస్తూ పోతే అది బయటపడుతుంది. ఒక పక్క ఏం చేస్తే రెండో పక్కా అదే చేయాలి, లేకపోతే మాట తప్పినట్టు.

వదిన ఇది చాలా తొందరగా పట్టుకుంది. "చుట్టూ ఉండేది తీసేస్తే లోపలుండేది కనపడతాది. అంతేగా పాపా?" అంది. అంతే అన్నాను. షెడ్డు వైపు చేయి చూపించి, "మీ అన్న చేస్తాండేది కూడా అదే కదా" అంది. నాకు ముచ్చటేసింది. ఎక్స్ ప్లస్ ఐదు సమానం పన్నెండు అని ఇస్తే రెండు పక్కలా ఐదు తీసేసి ఏడు అని రాసింది. మూడు ఎక్స్ ప్లస్ రెండు, ఐదు ఎక్స్ ప్లస్ పది, ఏది ఇచ్చినా చకచకా చేసింది. ఈమె పోయినసారి ఎలా తప్పిందా అనుకుంటూ సాయంత్రం బస్సెక్కాను.

ఎలా తప్పిందో మరుసటి ఆదివారం తెలిసింది. ఎక్స్ మైనస్ ఏడు సమానం పన్నెండు అని ఇచ్చాను. ఐదు అని రాసింది. చూసుకోకుండా రాసిందేమో అనుకుని ఇంకొకటి ఇచ్చాను. అందులోనూ తీసేసింది. ఇంకొకటి. మళ్లీ తీసేసింది. పక్కన ప్లస్ ఉన్నా మైనస్ ఉన్నా వదిన చేసే పని ఒక్కటే.

"వదినా, ఈడ మైనస్ ఉంది. రెండు పక్కలా ఏడు కలపాల."

"కలిపేదేంది? లేని ఏడు యాడనుంచి తెస్తావ్?"

"తెచ్చేది కాదు. రెండు పక్కలా కలుపుతాండాం కదా, సరిపోతాది."

"నువ్వు చెప్తాండావ్ గాబట్టి రాస్తా. నాకైతే దొంగపనిగా ఉంది" అంది వదిన, నిజంగానే ఇష్టం లేని మొహం పెట్టి.

రాసింది. తర్వాతి లెక్కలో మళ్లీ తీసేసింది. నేను రెండో దారి పట్టాను. పుస్తకంలో దాన్ని పక్షాంతరం అంటారు. ఆ ఏడు, సమానం గుర్తు దాటి అవతలికి పోయిందనుకో, మైనస్ ఏడు కాస్తా ప్లస్ ఏడు అయిపోతుంది. బడిలో ఈ ఒక్క మాట మీద ఎన్నో తరగతులను గట్టెక్కించాను. వదిన మాత్రం పెన్ను కింద పెట్టేసింది.

"గేటు దాటితే గుర్తు మారడమేంది? మీ బడిలో పిల్లోళ్లు నమ్ముతారేమో."

"నమ్మాల్సిన పని లేదు, గుర్తు పెట్టుకుంటే చాలు."

"అట్లయితే పాట నేర్చుకున్నట్టే. లెక్క ఎందుకు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది, చెప్పే ఓపిక లేదు. గొంతు పెంచాను. "ఇంత చిన్న లెక్కకు ఇంత మొండితనమా" అన్నాను. వదిన లేచి పోయి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. అంతకు ముందే కడిగిన గిన్నెలు అవి. షెడ్డులో చప్పుడు ఆగింది. అన్న తల బయటికి పెట్టి మమ్మల్ని చూసి, మళ్లీ లోపలికి పోయి మిషన్ వేసుకున్నాడు. ఇద్దరి మధ్య తలదూర్చే మనిషి కాదు.

ఇక్కడ ఆగిపోతే పుస్తకం అవదని, దీన్ని వదిలేసి ముందుకు పోయాను. విచిత్రం ఏమిటంటే, పిల్లలు భయపడే పాఠాలు వదినకు నచ్చాయి. వర్గ సమీకరణం తీసుకుంటే, దాన్ని రెండు ముక్కలుగా విడగొడితే రెండు జవాబులు వస్తాయి. రెండు ముక్కల లబ్ధం సున్నా అయిందంటే ఏదో ఒకటి సున్నా అయి తీరాలి. ఒక దీర్ఘచతురస్రం పొడవు కనుక్కోమంటే మూడు, మైనస్ ఎనిమిది అని వచ్చాయి.

"మైనస్ ఎనిమిది అడుగుల గోడ ఎవురు కట్టినారు?" అంది.

"ఎవురూ కట్టరు. అందుకే దాన్ని వదిలేస్తాం."

"అట్ల చెప్పు. పనికిరాంది పక్కన పెట్టేది మాకు అలవాటే."

ఇద్దరు తెలియనివాళ్లు ఉండే లెక్కలు కూడా ఇష్టపడింది. రెండు సమీకరణాలు ఒకదాని కింద ఒకటి రాసి, పైదాంట్లోంచి కిందది తీసేస్తే ఒకరు తప్పుకుంటారు, రెండోవారు దొరికిపోతారు. ఒకరు దొరికితే రెండోవారు ఎక్కడికి పోతారు? వదినకు ఇది పొడుపుకథలా అనిపించింది. అంగన్‌వాడీలో వంట చేస్తూ కూడా మనసులో చేసుకుంటున్నానని చెప్పింది. కానీ ఎక్స్ ప్లస్ వై పది, ఎక్స్ మైనస్ వై నాలుగు అని ఇస్తే కథ అడ్డం తిరిగింది. అక్కడ రెండూ కలిపితే వై తప్పుకుంటుంది. వదిన యథాప్రకారం తీసేసింది. ఎక్స్ లోంచి ఎక్స్ పోయింది, వై లోంచి వై కూడా పోయిందనుకుంది. కాగితం మీద సున్నా సమానం ఆరు అని మిగిలింది.

"ఇద్దరూ మాయమైపోయినారు పాపా. ఆరు ఒక్కటే ఉండాది" అని నా మొహంలోకి చూసింది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పరీక్షలో సగం లెక్కల్లో ఎక్కడో ఒకచోట ఈ కలిపే మెట్టు ఉంటుంది. అది ఎక్కకపోతే మిగతాది ఎంత బాగా చేసినా జవాబు రాదు. పరీక్ష దగ్గరికి వస్తోంది. ఇద్దరం పైకి నవ్వుతున్నాం గానీ లోపల ఇద్దరికీ భయంగానే ఉంది.

ఆ రోజుల్లోనే అన్న చేస్తున్న బొమ్మ వేలు విరిగింది. నంద్యాలలో కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు వాళ్లు గుమ్మానికి అటూ ఇటూ పెట్టడానికి దీపం పట్టుకున్న అమ్మాయి బొమ్మలు రెండు అడిగారు. నడుము ఎత్తు బొమ్మలు. మొదటిది దాదాపు అయిపోయింది. అమ్మాయి ఎడమ చేతిలో దీపం, కుడి చేయి గాలికి అడ్డం పెట్టినట్టు కొంచెం విప్పి ఉంటుంది. ఆ కుడి చేతి చిటికెన వేలు దగ్గర అన్న నున్నగా రుద్దుతుంటే రాతిలో కనపడని చీలిక ఉన్నట్టుంది, వేలు ఊడి కింద పడింది. నేను ఆ పూట అక్కడే ఉన్నాను. అన్న తిట్టలేదు, కేక వేయలేదు. ఉలి కింద పెట్టి, పోయి నీళ్లు తాగొచ్చాడు.

మధ్యాహ్నం హాలు తాలూకు మనిషి వచ్చాడు. చూశాడు. "ఏముందప్పా, రాతిపొడి, బంక కలిపి అంటించు. పాలిష్ కొడితే దేవుడు కూడా కనిపెట్టలేడు. ఇది పూజ చేసే బొమ్మ కూడా కాదు కదా" అన్నాడు.

"అంటించేది మా ఇంట్లో లేదన్నా. ఇంకొకటి చేసిస్తా. రెన్నెల్లు ఆగు" అన్నాడు అన్న.

ఆ మనిషి గొణుక్కుంటూ పోయాడు. మా ఇంట్లో అది నాయన కాలం నుంచీ ఉన్న పట్టు. రాయి పనిలో తీయడమే ఉంది, కలపడం లేదు. పోయిన ముక్క పోయినట్టే. దేవుడి బొమ్మ అయినా, గడపకు వేసే పువ్వు అయినా విరిగిన దాన్ని అతికించి మంచిదని ఇవ్వకూడదు. మా చిన్నప్పుడు ముక్కు చెదిరిన బొమ్మ ఒకటి పెరట్లో గోడకు ఆనించి ఉండేది. నెలల పని అది. నాయన దాని మీద తువ్వాలు ఆరేసుకునేవాడు. వదిన పుట్టింట్లో పట్టు ఇంకా గట్టిది. వాళ్ల నాన్న దగ్గర పని నేర్చుకునేవాడు ఎవరో తెలియక ఒక అంచు అతికిస్తే, ఆ రోజు పొయ్యి వెలిగించనివ్వలేదట.

వదిన చీపురు తెచ్చి రాతి పెచ్చులు ఊడ్చింది. ఆ వేలు చేతికి దొరికింది. ఒక్క క్షణం అరచేతిలో పెట్టుకుని చూసి, పెచ్చులతో పాటే గంపలో వేసేసింది.

సాయంత్రం బస్సు శిరివెళ్ల దాటుతుండగా నాకు తట్టింది. వదిన ఏడు కలపనన్నది మొండితనంతో కాదు. ఆమెకు కలపడమంటే అంటించడం. రెండు పక్కలా ఏడు కలుపు అని నేను చెప్పిన ప్రతిసారీ ఆమెకు బంక కలుపుతున్నట్టే ఉంది. రెండు పక్కలా అంటిస్తే తప్పు రెండింతలవుతుంది గానీ ఒప్పెలా అవుతుంది? కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. పక్కనావిడ నా వైపు అనుమానంగా చూసింది. రోగం తెలిసింది, మందు మాత్రం తెలియలేదు. నేనూ ఆ ఇంట్లోనే పుట్టాను, ఆ పట్టు తప్పని చెప్పడానికి నాకు నోరు రాదు.

మందు వదినే చూపించింది, అదీ తనకు తెలియకుండానే. ఒక శనివారం బడికి సెలవు పెట్టి ఆళ్లగడ్డ పోయాను. వదిన ఇంట్లో లేదు, అంగన్‌వాడీలో పిల్లల బరువు చూసే రోజట. అక్కడికే పోయాను. తల్లులు పిల్లలను చంకనేసుకుని వరసగా కూర్చున్నారు. దూలానికి గుండ్రటి తూకం వేలాడుతోంది, దాని కొక్కేనికి ఉయ్యాల గుడ్డ. పిల్లను అందులో కూర్చోబెడితే ముల్లు తిరుగుతుంది. టీచరమ్మ కుర్చీలో కూర్చుని రాసుకుంటోంది, వదిన పిల్లలను ఎత్తి పెడుతోంది.

ఒక తల్లి ముల్లు చూసి గాభరాపడింది. "ఏందక్కా, తొమ్మిదేనా? ఆస్పత్రిలో పది ఉండె. ఏమైంది నా బిడ్డకు?"

"ఏమీ కాలేదు. ఈ తూకం పాతదయింది. ఖాళీగా ఉన్నప్పుడే ముల్లు సున్నా కంటే కిలో వెనక్కి ఉంటాది, చూడు" అని వదిన పిల్లను దించి ఖాళీ తూకం చూపించింది. "కొత్తది ఇస్తామన్నారు, రాలా. తొమ్మిది చూపిస్తే పది. పది రాయండి టీచరమ్మా."

టీచరమ్మ పది అని రాసింది. ఎక్స్ మైనస్ ఒకటి సమానం తొమ్మిది. మా వదిన నా కళ్ల ముందే, ఏమాత్రం తడుముకోకుండా, ఒకటి కలిపింది.

పని అయ్యేదాకా ఆగాను. తల్లులు వెళ్లిపోయారు, ఉన్న పిల్లలు అన్నం తిని పడుకున్నారు. వదిన గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పక్కన చేరి మెల్లగా అడిగాను.

"వదినా, ఇందాక ఆ బిడ్డకు ఒక కిలో కలిపినావ్ కదా. అది యాడనుంచి తెచ్చి అంటించినావ్?"

వదినకు కోపం వచ్చింది. "అంటించేదేంది? అది ఆ బిడ్డదే. తూకం మింగింది, నేను కక్కిస్తాండా. మింగిన దాన్ని ఇప్పించకపోతే ఆ బిడ్డకు అన్యాయం కాదా?"

పిల్లలు బొమ్మలు గీసే పలక ఒకటి పక్కనే ఉంది. దాని మీద ఎక్స్ మైనస్ ఒకటి సమానం తొమ్మిది అని రాసి ఆమె ఒళ్లో పెట్టాను. ఎక్స్ కింద చిన్న ఉయ్యాల గీశాను. నాకు బొమ్మలు రావు, అది సంచిలా వచ్చింది.

వదిన చాలాసేపు చూసింది. తూకం వైపు చూసింది, మళ్లీ పలక చూసింది.

"ఇదా?" అంది.

"ఇదే."

"మైనస్ ఒకటి అంటే తూకం మింగిందని."

"అవును."

"ఆ ఒకటి ఎక్స్‌దే. దానిది దానికి ఇప్పిస్తాండాం."

"అవును వదినా."

"మరి ఆ పక్క కూడా ఎందుకు కలపాల? ఆ పక్క ఎవురూ మింగలేదు కదా."

ఎన్నేళ్ల నుంచో చెప్తున్న పాఠం, అయినా ఆ పక్క గురించి ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చింది. "ఆ పక్క ఉండేది ముల్లు చూపించిన లెక్క. బిడ్డ బరువు పది అని నీకు తెలిసినాక కూడా కాగితం మీద తొమ్మిదే ఉంచుతావా? ఈ పక్క సరిచేస్తే ఆ పక్క రాసింది కూడా సరిచేయాల్సిందే" అన్నాను.

"అది న్యాయమే" అంది వదిన. కాసేపటికి నా తొడ మీద గట్టిగా ఒక్కటిచ్చింది. "ఇన్ని ఆదివారాలు గేటు దాటింది, గుర్తు మారింది అని నా తల తిన్నావ్ గదే! ఈ మాట ముందే చెప్తే నీ సొమ్మేం పోయింది?"

ముందే నాకు తెలిస్తే కదా. నాకు మాత్రం ఆ దెబ్బ చాలా హాయిగా ఉంది. బడిలో పిల్లలకు ఎంత మంచి మార్కులు వచ్చినా అంత సంతోషం కలగలేదు.

ఆ తర్వాత వదినకు తనదైన భాష ఒకటి ఏర్పడింది. మైనస్ ఉంటే "మింగినారు" అనేది. భాగించి ఉంటే "పంచుకున్నారు, వెనక్కి పోగుచెయ్యాల" అనేది. జవాబు వచ్చాక దాన్ని మొదటి సమీకరణంలో పెట్టి సరిచూసుకోమని చెప్తే, దానికి "తూకం ఎక్కించేది" అని పేరు పెట్టింది. మా పిల్లలు ఎవరూ సరిచూసుకోరు, జవాబు రాగానే కింద గీత కొట్టి చేతులు దులుపుకుంటారు. వదిన మాత్రం తూకం ఎక్కించకుండా ఒక్క లెక్కా వదల్లేదు. దీనితో ఆలస్యం అవుతుంది, పరీక్షలో టైము చాలదని నేను అరిచాను. తూకం వేయని బిడ్డను ఇంటికి పంపించనని తను అరిచింది.

పరీక్ష నంద్యాలలోనే పడింది. వదిన ముందురోజే మా ఇంటికి వచ్చింది. పొద్దున ఇడ్లీ పెడితే ఒక్కటి తిని చాలంది. ఆటోలో పోతున్నంతసేపూ బయటికి చూస్తూ ఉంది గానీ మాట్లాడలేదు. కేంద్రం గేటు దగ్గర దిగాక, "పోతే పోనీలే పాపా. పిల్లోళ్లయితే యాడికీ పోరు కదా" అంది. నాకు చెప్పినట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టుంది. చెంగు మీద ఉన్న రాతిపొడి దులిపి లోపలికి పంపాను.

బయట వేపచెట్టు కింద మోటారు సైకిళ్ల మధ్య కూర్చున్నాను. నా పదో తరగతి పరీక్షకు కూడా అంత భయపడలేదు. నా తమాషా ఏమిటంటే, ఎవరైనా తప్పితే నాకు కోపం వస్తుంది, ఇక్కడ తప్పితే కోపం తెచ్చుకోవడానికి కూడా మనిషి లేదు. ఆమె చేయగలిగిందంతా చేసింది. గంట కొట్టాక చివరి గుంపులో వచ్చింది. మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను.

"ఇద్దరుండే లెక్క ఇచ్చినారు" అంది నడుస్తూనే. "అలవాటుగా తీసేసినా. జవాబు వచ్చింది. తూకం ఎక్కిస్తే ముల్లు సరిపోలా. చూస్తే ఆడ మైనస్ వై ఉంది. కొట్టేసి మళ్లీ చేసినా, కలిపి. ఈసారి సరిపోయింది."

"మంచిది కదా!"

"కడాకు ఒక లెక్క రాయలేదు. టైము అయిపోయింది."

తూకం ఎక్కించకుండా ఉంటే టైము మిగిలేది, కానీ ఆ ఇద్దరుండే లెక్క తప్పయ్యేది. ఇద్దరం చెరో సోడా తాగి ఇంటికి పోయాం.

ఫలితాలు వచ్చిన రోజు నేను బడిలో ఉన్నాను. ఫోన్‌లో నంబరు కొట్టి చూశాను. పాస్ అని ఉంది. మార్కులు గొప్పగా ఏమీ లేవు, గీత దాటాయి, అంతే. అన్నకు ఫోన్ చేశాను. కటింగ్ మిషన్ చప్పుడులో మొదట వినపడలేదు. రెండోసారి అరిచి చెప్పాను. మిషన్ ఆగింది. తర్వాత అన్న "ఏమే, ఇట్ల రా" అని వదినను పిలవడం వినపడింది. నేను స్టాఫ్ రూములో అందరి ముందే ఏడ్చాను. ఆ కోపిష్ఠి టీచరు ఏడ్చిందని బడి మొత్తం పాకింది.

ఉద్యోగం కాగితం రావడానికి కొంత కాలం పట్టింది, కానీ వచ్చింది. వదిన టీచరయ్యాక నేను మొదటిసారి చూడటానికి పోయిన రోజున, అంగన్‌వాడీ వసారాలో వేలు విరిగిన ఆ దీపం అమ్మాయి నిలబడి ఉంది. నేను పోయేసరికి అన్న ఇంకో ఇద్దరితో కలిసి అప్పుడే ఆటోలోంచి దించి, కింద చెక్కలు వేసి కదలకుండా కుదురుస్తున్నాడు.

"విరిగిందాన్ని ఈడికి తెచ్చినావేంది వదినా?"

"పూజకు కాదు, అమ్మేదానికీ కాదు. లెక్కకు తెచ్చినా" అంది.

చిన్న పిల్లలంతా బొమ్మ చుట్టూ చేరారు. వదిన బొమ్మ ముందు కింద కూర్చుని దాని కుడి చేయి చూపించింది. అందరూ గట్టిగా లెక్కపెట్టారు, నాలుగు వచ్చాయి.

"ఒకటి పోయింది. పోయినాక నాలుగుండాయి. పోకముందు ఎన్ని ఉండె?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు మూడు అన్నాడు. నాకు మొదట్లో మా వదిన పన్నెండులోంచి ఏడు తీసేసి రాసిన ఐదు జ్ఞాపకం వచ్చి నవ్వు ఆపుకున్నాను. అప్పుడు అందరి వెనకున్న చిన్న పిల్ల ఒకతి లేచి వచ్చింది. ఇంకా మాటలు సరిగా రాని పిల్ల. బొమ్మ చేతిని కాసేపు చూసి, విరిగిన చోట తన చిటికెన వేలు ఆనించి పెట్టింది. మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టింది. తన వేలి దగ్గరికి వచ్చేసరికి "ఐదు" అంది.

వదిన నా వైపు చూసింది, కళ్లు నిండి ఉన్నాయి. నేను అన్న వైపు చూశాను. చేతులకు రాతిపొడితో, చెక్క పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. మా అన్న పుట్టి బుద్ధెరిగాక విరిగిన చోట ఏదీ అంటించనివ్వలేదు. ఆ పిల్లను మాత్రం వేలు తీయమనలేదు.